దూరవిద్య విద్యార్థికి వృత్తి మార్గదర్శనం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వృత్తి మార్గదర్శనం అంటే ఏమిటో, అందులోని మూడు అంశాలు ఏమిటో వివరించగలుగుతారు;
• ఉపాధి కల్పనా కార్యాలయం, జాతీయ కెరీర్ సర్వీసు, అప్రెంటిస్‌షిప్ ఏం చేస్తాయో, ఏం చేయవో చెప్పగలుగుతారు;
• స్థానికత, వయసు, భాష అనే మూడు నిబంధనలను బట్టి మీకు తగిన పోటీ పరీక్షలను ఎంచుకోగలుగుతారు;
• ఇప్పుడు చేస్తున్న పనిని అనుభవంగా చూపుతూ బయోడేటా రాసుకోగలుగుతారు.

9.1 ప్రవేశిక

కాలేజీకి వెళ్లే వీలు లేనివారి దగ్గరికే చదువును తీసుకుపోవాలన్న ఉద్దేశంతో 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఆనాటి నుంచి పొలం పనులు, కొట్లు, మిల్లులు, ఇంటి బాధ్యతలు వదలకుండానే ఎంతోమంది డిగ్రీ పూర్తి చేశారు.

అయితే చదువు ఇంటికి వచ్చినంత సులువుగా ఉద్యోగ సమాచారం ఇంటికి రాదు. రెగ్యులర్ కాలేజీ విద్యార్థికి నోటీసు బోర్డు ఉంటుంది, సీనియర్లు ఉంటారు, చాలాచోట్ల ప్లేస్‌మెంట్ సెల్ కూడా ఉంటుంది. దూరవిద్య విద్యార్థి ఆదివారం సంపర్క తరగతికి వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు. నేను సంపర్క తరగతులు తీసుకున్న ఏళ్లలో, పాఠం అయిపోయాక నా బల్ల దగ్గర ఆగే విద్యార్థులు పాఠంలోని సందేహాల కంటే ఎక్కువగా అడిగింది ఒకటే: "సార్, ఈ డిగ్రీతో ఏం ఉద్యోగం వస్తుంది?"

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పినవారెవరైనా విద్యార్థికి మేలు చేసినట్టు కాదు. దాన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, ఒక్కోదానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో చూపడమే మార్గదర్శనం. రెగ్యులర్ విద్యార్థికి ఒకే గదిలో దొరికే ఈ సేవ మనకు నాలుగైదు చోట్ల చెదిరి ఉంది. దాన్ని కూర్చుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 వృత్తి మార్గదర్శనం: భావన

వృత్తి మార్గదర్శనాన్ని ఒక పద్ధతిగా రూపొందించిన తొలి వ్యక్తిగా అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్‌ను చెబుతారు. పని వెతుక్కుంటూ బోస్టన్ నగరానికి వచ్చిన యువకుల కోసం ఆయన 1908లో ఒక వృత్తి సలహా కేంద్రాన్ని ప్రారంభించారు. ఆయన మరణానంతరం 1909లో వెలువడిన గ్రంథంలో వృత్తి ఎంపికకు మూడు అంశాలు కావాలన్నారు.

మొదటిది, తనను గురించి తనకు స్పష్టమైన అవగాహన: శక్తి, ఆసక్తి, పరిమితులు. రెండోది, పనులను గురించిన అవగాహన: ఏ పనికి ఏ అర్హత కావాలి, జీతం ఎంత, ఎదుగుదల ఎంత. మూడోది, ఈ రెండింటినీ సరిగా ముడిపెట్టే ఆలోచన.

మన విద్యార్థుల్లో ఎక్కువమంది మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడోదానికి వెళతారు. పక్కింటి అబ్బాయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు కాబట్టి నేనూ చదువుతాను అనుకుంటారు. పక్కింటి అబ్బాయి వయసు, ఇంటి పరిస్థితి, చదువుకోవడానికి అతనికి దొరికే సమయం వేరు. మీవి వేరు. అందుకే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: నా వయసు ఎంత? రోజుకు నిజంగా ఎన్ని గంటలు చదవగలను? జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? మిగతా నిర్ణయాలన్నీ ఈ మూడు జవాబుల మీదే నిలబడతాయి.

9.3 మన ప్రాంతంలోని పనులను తెలుసుకోవడం

సూర్యాపేట 2016 అక్టోబరు 11న నల్గొండ జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రమైంది. దానితో కలెక్టరేట్, జిల్లా స్థాయి కార్యాలయాలు వచ్చాయి. తరవాత ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆసుపత్రులు, ల్యాబులు, మందుల దుకాణాలు, వ్యవసాయ మార్కెట్ యార్డు ఇక్కడ పని ఇచ్చే ప్రధాన రంగాలు.

కోదాడ హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. రవాణా, హోటళ్లు, వాహనాల విడిభాగాల వ్యాపారం, విద్యాసంస్థలు ఇక్కడి ఉపాధికి ఆధారం. దగ్గరలోని హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి.

మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని పట్టణం, రైస్ మిల్లులకు పేరు పొందినది. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నిర్మించారు.

మిల్లు అంటే మనకు హమాలీ పనే గుర్తొస్తుంది. కాని అదే మిల్లుకు ట్యాలీలో లెక్కలు రాసేవారు, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారు, ధాన్యం తేమ, నాణ్యత పరీక్షించేవారు, గోదాము నిల్వలు చూసేవారు కావాలి. సిమెంటు కర్మాగారంలో స్టోర్స్, డిస్పాచ్, టైమ్ ఆఫీసు విభాగాలు ఉంటాయి. బి.కాం., బి.ఎస్‌సి., బి.ఏ. చదివినవారు చేయగల పనులివి. వీటిలో చాలా వాటికి పత్రికల్లో ప్రకటన రాదు. తెలిసినవారి ద్వారానే భర్తీ అవుతాయి. కాబట్టి మీ ఊరి దగ్గర ఉన్న ఐదు సంస్థల పేర్లు రాసుకుని, అక్కడ ఆఫీసులో పనిచేసేవారిని ఒక్కరినైనా కలిసి, ఏ పనులున్నాయో, ఏం నేర్చుకోవాలో అడగండి. పార్సన్స్ చెప్పిన రెండో అంశానికి మన దగ్గర ఇదే మంచి పద్ధతి.

9.4 సంస్థలు, సేవలు

9.4.1 ఉపాధి కల్పనా కార్యాలయం

మనవాళ్లు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అని పిలిచే ఈ కార్యాలయాలు మన దేశంలో 1945లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి మొదలయ్యాయి. తరవాత అందరికీ తెరిచారు. 1956 నవంబరు 1 నుంచి వీటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఈ కార్యాలయానికి తెలపాల్సి ఉండేది. అయితే ఆ కార్యాలయం పంపినవారినే తీసుకోవాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు.

ఇక్కడ అప్పటి మన పొరుగు జిల్లా కేసు ఒకటి గుర్తుంచుకోదగినది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఉపాధి కల్పనా కార్యాలయం నుంచి పేర్లు తెప్పించుకోవడంతో పాటు పత్రికల్లోనూ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసుకున్న అర్హులందరినీ పరిశీలించాలని పేర్కొంది. అంటే పేరు నమోదు చేసుకుని కార్డు దాచుకుంటే చాలదు. ప్రకటనలు చూసి దరఖాస్తు చేసుకునే బాధ్యత మనదే.

మరి ఈ కార్యాలయంతో ప్రయోజనం ఏమిటి? జాబ్ మేళాల సమాచారం, వృత్తి సలహా, ప్రైవేటు ఖాళీల వివరాలు ఇక్కడ అడగవచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఈ కార్యాలయాలకు కెరీర్ సెంటర్ అనే పేరు వాడింది. పేర్లు నమోదు చేసే చోటు నుంచి సలహా ఇచ్చే చోటుగా మారాలన్న ఆలోచన ఆ పేరులో కనిపిస్తుంది.

9.4.2 జాతీయ కెరీర్ సర్వీసు

కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ 2015 జూలై 20న ప్రారంభించిన ఆన్‌లైన్ సేవ ఇది. ఉద్యోగం కోరేవారు, ఉద్యోగం ఇచ్చేవారు, శిక్షణ సంస్థలు, సలహాదారులు ఇందులో నమోదవుతారు. విద్యార్థికి రుసుము లేదు. ఫోను నుంచే నమోదు కావచ్చు. విద్యార్హత మారినప్పుడల్లా, కొత్త పని నేర్చుకున్నప్పుడల్లా మీ వివరాలు సరిచేసుకోవాలి. పాత వివరాలతో ఉన్న నమోదు ఎవరి కంటా పడదు.

9.4.3 అప్రెంటిస్‌షిప్

అప్రెంటిస్‌షిప్ ఐటీఐ వారికే అని చాలామంది అనుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించడంతో ఇంజినీరింగేతర డిగ్రీ చదివినవారికీ అవకాశం వచ్చింది. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద నమోదైతే, సంస్థలో స్టైపెండుతో పని నేర్చుకుని, చివర ధ్రువపత్రం పొందవచ్చు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం యజమానిని నిర్బంధించదు. కాని అనుభవం లేదన్న అడ్డంకి మాత్రం తొలగిపోతుంది.

9.4.4 తెలుగులో దొరికే ఉచిత శిక్షణ

టీ-శాట్ సంస్థకు చెందిన నిపుణ ఛానల్‌లో పోటీ పరీక్షల పాఠాలు తెలుగులో ప్రసారమవుతాయి. వెనకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థుల కోసం ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి. పట్టణంలోని ప్రభుత్వ గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, అన్నిటికన్నా ముఖ్యంగా కూర్చుని చదువుకోవడానికి ఒక బల్ల దొరుకుతాయి. అప్పు చేసి హైదరాబాద్‌లో గది తీసుకునే ముందు, ఈ ఉచిత వనరులతో ఆరు నెలలు చదివి చూడండి. అంతమాత్రం క్రమశిక్షణ ఇక్కడ నిలవకపోతే, అశోక్‌నగర్‌లోనూ నిలవదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పార్సన్స్ చెప్పిన మూడు అంశాలు ఏవి?
2. ఉపాధి కల్పనా కార్యాలయంలో నమోదు ఎందుకు చాలదు?

9.5 పోటీ పరీక్షలు: మూడు వడపోతలు

నోటిఫికేషన్ రాగానే పోస్టుల సంఖ్య చూడటం మన అలవాటు. ముందు చూడవలసినవి మూడు.

9.5.1 స్థానికత

2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో జిల్లా, జోనల్, మల్టీజోనల్ పోస్టుల ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకు దక్కుతాయి. సూర్యాపేట, నల్గొండ జిల్లాలు రెండూ యాదాద్రి జోన్‌లో, రెండో మల్టీజోన్‌లో ఉన్నాయి. కాబట్టి జోనల్ పోస్టులకు కోదాడ విద్యార్థి, మిర్యాలగూడ విద్యార్థి ఒకే జోన్ స్థానికులు. జిల్లా పోస్టుల విషయంలో మాత్రం ఇద్దరూ వేర్వేరు జిల్లాలవారు.

స్థానికతను నిర్ణయించేది ఇప్పటి ఇంటి చిరునామా కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. సరిహద్దు ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కోదాడలో పుట్టి, అమ్మమ్మ ఇంటి దగ్గర జగ్గయ్యపేటలో ఐదో తరగతి దాకా చదివిన విద్యార్థి తెలంగాణలో స్థానికేతరుడు కావచ్చు. దరఖాస్తు నాటికి కాక, ఈ రోజే ఏడు తరగతుల బోనఫైడ్ సర్టిఫికెట్లు తెచ్చిపెట్టుకోండి. బడి మూతపడితే రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఆ తరగతులు బడిలో చదవకుండా, నేరుగా పై పరీక్షలు రాసినవారు నివాస ధ్రువపత్రం తీసుకోవాలి.

9.5.2 వయసు

బ్యాంకుల ఉమ్మడి క్లర్క్ పరీక్షకు వయసు 20 నుంచి 28 ఏళ్లు. ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. భర్తను కోల్పోయి లేక విడాకులు పొంది, మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీలకు జనరల్ కేటగిరీలోనూ 35 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. ఈ సంగతి తెలియక దరఖాస్తే చేయనివారు ఉన్నారు. రాష్ట్ర గ్రూప్ పరీక్షలకు గరిష్ఠ వయసు ఇంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి 25 ఏళ్లవారు ముందుగా మూసుకుపోయే తలుపు దగ్గరికి ముందు వెళ్లాలి. బ్యాంకు, రైల్వే పరీక్షలు ముందు, గ్రూప్స్ తరవాత. 32 ఏళ్లకు డిగ్రీలో చేరినవారు బ్యాంకు పుస్తకాల మీద డబ్బు పెట్టే ముందు తమకున్న సడలింపు చూసుకోవాలి.

9.5.3 భాష

తెలుగు మాధ్యమంలో చదివాం, కేంద్ర ఉద్యోగాలు మనకు రావు అన్న భయం ఇప్పుడు చాలావరకు అనవసరం. రైల్వే నియామక పరీక్షలు తెలుగులో రాయవచ్చు. 2021 తరవాత బ్యాంకు క్లర్క్ పరీక్షలు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో జరుగుతున్నాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్ష 2023 నుంచి, కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ ఉన్నాయి. ఇతర పరీక్షలకు నోటిఫికేషన్‌లో భాష గడి చూసుకోండి. బ్యాంకు పరీక్షలో ఇంగ్లిషు విభాగం విడిగా ఉంటుంది. దానికి రోజూ అరగంట కేటాయించక తప్పదు. అలాగే క్లర్క్ ఉద్యోగానికి రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలి. అక్కడ మీ తెలుగే ఒక అర్హత.

9.5.4 దూరవిద్య డిగ్రీ చెల్లుతుందా?

చెల్లుతుంది. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం, యూజీసీ ఆమోదించిన కోర్సు ద్వారా ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2020 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో యూజీసీ మరోసారి ఈ సంగతి స్పష్టం చేసింది. మీ కోర్సుకు, మీరు చేరిన ఏడాదికి ఆమోదం ఉన్నట్టు తెలిపే పేజీ ప్రతి ఒకటి మీ ఫైలులో ఉంచుకోండి.

9.6 ఎదురుచూపు ఖరీదు

తెలంగాణ ఏర్పడిన తరవాత తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ నిర్వహించారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ నిర్వహించారు.

మొదటి నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ దాకా రెండున్నరేళ్లు. ఇందులో అభ్యర్థి తప్పేమీ లేదు. కాని ఆ రెండున్నరేళ్ల గది అద్దె, హాస్టల్ ఖర్చు, ఇంట్లో మానేసిన సంపాదన అతనివే. పని చేస్తూ చదివినవారికీ నిరాశ కలిగింది, అయితే ఇల్లు గడిచింది. దూరవిద్య విద్యార్థికి ఉన్న గొప్ప బలం ఇదే: చదువు కోసం పని మానలేదు. పరీక్ష కోసం దాన్ని మానుకునే ముందు పదిసార్లు ఆలోచించాలి. దీన్ని రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అనుకోవద్దు. పని ఇల్లు నడుపుతుంది, చదువు ముందుకు నడుపుతుంది.

9.7 బయోడేటా, ధ్రువపత్రాలు, ఇంటర్వ్యూ

పనిచేస్తూ చదివేవారు తమ పనిని తామే తక్కువ చేసి రాస్తారు. "రైస్ మిల్లులో గుమాస్తా, మూడేళ్లు" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. దాన్నే ఇలా రాయవచ్చు:

• రోజూ వచ్చే ధాన్యం లారీలకు కాటా చీటీలు రాయడం, తేమ శాతం నమోదు చేయడం;
• రైతులకు చెల్లింపుల లెక్క కంప్యూటర్‌లో ఎక్కించడం;
• నెలాఖరున నిల్వల పట్టిక తయారు చేయడం.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. చేసిన పని కనబడుతోంది, అంతే. బట్టల షాపులో బిల్లింగ్ చేసేవారు, స్వయం సహాయక సంఘం లెక్కలు రాసే గృహిణులు, ట్యూషన్లు చెప్పేవారు కూడా ఈ పద్ధతిలోనే రాసుకోవాలి. బయోడేటా రెండు పేజీలు దాటకూడదు. ఇంటర్వ్యూలో ఈ పంక్తులనే అడుగుతారు. కాబట్టి ఒక్కోదాని గురించి రెండు నిమిషాలు ఆగకుండా చెప్పడం స్నేహితుల ముందు అభ్యాసం చేయండి.

ధ్రువపత్రాల్లో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఒక విద్యార్థిని నాకు బాగా గుర్తుంది. పరీక్ష నెగ్గింది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, డిగ్రీ మెమోలో అత్తింటి ఇంటిపేరు బయటపడ్డాయి. ఉద్యోగం పోలేదు గాని, ఇచ్చిన గడువులోపల కాగితాలు సరిచేయించుకోవడానికి చంటిబిడ్డను ఎత్తుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. డిగ్రీలో చేరేటప్పుడు దరఖాస్తులో ఒక గడి చూసుకుని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. ఆ గడి చూసుకోమని చెప్పాల్సిన మాలో ఎవరూ చెప్పలేదు. ఈ భాగం రాయడానికి అదీ ఒక కారణం.

9.8 మోసాల పట్ల జాగ్రత్త

ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు ఎంత పెద్దవారి పేరు చెప్పినా మోసగాళ్లే. డిపాజిట్, యూనిఫాం ఖర్చు, శిక్షణ రుసుము అంటూ ముందే డబ్బు కట్టమనే ప్రైవేటు ఆఫర్లను కూడా నమ్మవద్దు. ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎవరికీ చెప్పవద్దు. నోటిఫికేషన్ నిజమో కాదో సంబంధిత నియామక సంస్థ అధికారిక ప్రకటనలోనే సరిచూసుకోవాలి, వాట్సాప్‌లో కాదు.

9.9 మూడేళ్ల ప్రణాళిక

మొదటి సంవత్సరం: ధ్రువపత్రాల ఫైలు పూర్తి చేయాలి. పేర్లు సరిచూసుకోవాలి. జాతీయ కెరీర్ సర్వీసులో, ఉపాధి కల్పనా కార్యాలయంలో నమోదు కావాలి. కంప్యూటర్ టైపింగ్ నేర్చుకోవాలి.

రెండో సంవత్సరం: ఐదు స్థానిక సంస్థల సమాచారం సేకరించాలి. ట్యాలీ వంటి ఒక నైపుణ్యం నేర్చుకోవాలి. అంకగణితం, రీజనింగ్, ఇంగ్లిషుకు రోజూ గంట కేటాయించాలి. ఇవి బ్యాంకు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు ఉమ్మడిగా పనికొస్తాయి.

మూడో సంవత్సరం: వయసు, స్థానికత, భాష చూసుకుని రెండు పరీక్షలు మాత్రమే ఎంచుకోవాలి. బయోడేటా సిద్ధం చేసుకోవాలి. కనీసం ఒక జాబ్ మేళాకు వెళ్లాలి. అక్కడ ఉద్యోగం రాకపోయినా, ఎదుటివారు ఏం అడుగుతారో తెలుస్తుంది.

9.10 సారాంశం

వృత్తి మార్గదర్శనం ఉద్యోగం ఇవ్వడం కాదు. మనిషికీ పనికీ సరైన పొంతన కుదర్చడం. దూరవిద్య విద్యార్థి ఈ సేవను అధ్యయన కేంద్రం, ఉపాధి కల్పనా కార్యాలయం, జాతీయ కెరీర్ సర్వీసు, గ్రంథాలయం, టీ-శాట్, స్థానిక సంస్థల నుంచి కూర్చుకోవాలి. స్థానికత, వయసు, భాష చూసి పరీక్షలు ఎంచుకోవాలి. చేస్తున్న పనిని వదలకుండా, దాన్నే అనుభవంగా చూపాలి. "ఈ డిగ్రీతో ఏం వస్తుంది?" అన్న ప్రశ్నను "ఈ డిగ్రీతో, నా వయసులో, నా ఊరి నుంచి ఏయే దారులు ఉన్నాయి?" అని మార్చుకుంటే జవాబు దొరకడం మొదలవుతుంది.

9.11 కీలక పదాలు

వృత్తి మార్గదర్శనం: తన శక్తిని, పనుల స్వభావాన్ని తెలుసుకుని వృత్తి ఎంచుకోవడానికి అందించే సహాయం.
స్థానిక అభ్యర్థి: ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటును బట్టి నియామకాల్లో స్థానికత పొందిన వ్యక్తి.
అప్రెంటిస్: సంస్థలో స్టైపెండు పొందుతూ నిర్ణీత కాలం పని నేర్చుకునే వ్యక్తి.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. దూరవిద్య విద్యార్థికి అందుబాటులో ఉన్న వృత్తి మార్గదర్శన సేవలను, వాటి పరిమితులను వివరించండి.
2. పోటీ పరీక్షల ఎంపికలో స్థానికత, వయసు, భాషల పాత్రను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉద్యోగార్థికి ఎలా ఉపయోగపడుతుంది?
2. మీరు ఇప్పుడు చేస్తున్న పనిని బయోడేటాలో నాలుగు పంక్తులుగా రాయండి.